ఆరు చుక్కల లిపి - లూయీ బ్రెయిలీ

పారిస్ మహానగరమునకు తూర్పుదిక్కున సుమారు 40 కిలోమీటర్ల దూరమున కూవ్రే అను చిన్న పల్లె కలదు. రెండువందల యేండ్ల క్రిందట ఆ పల్లెలో సీమోన్ రెనే బ్రెయిలీ అను తోలుపనివాడు నివసించుచుండెను. గుఱ్ఱములకు జీనులు, కళ్ళెములు, పట్టెడలు కుట్టుట అతని వృత్తి. బండ్లకును, సేద్యమునకును గుఱ్ఱములే ఆధారమైన ఆ కాలమున అట్టి పనివానికి గ్రామమున మంచి గౌరవముండెడిది. అతని భార్య మోనిక్. ఆ దంపతుల నలుగురు బిడ్డలలో కడపటివాడు లూయీ. అతడు 1809 జనవరి 4వ తేదీన జన్మించెను.

ఇంటిని ఆనుకొనియే తండ్రి పనిశాల యుండెను. అందు గోడవెంట రకరకముల కత్తులు, ఆరెలు, సుత్తులు వరుసగ వ్రేలాడుచుండెడివి. తోలువాసన, సుత్తిచప్పుడు, పనివేళ తండ్రి చేతుల కదలిక - ఇవియే ఆ పసివాని ఆటపాటలు. లూయీకి మూడేండ్లు నిండిన తరువాత ఒకనాడు తండ్రి దృష్టి మరలిన వేళ అతడు బల్లమీది పనిముట్టు నొకదానిని చేతబట్టి, తండ్రి చేయునట్లే తానును తోలును పొడువబోయెను. ఆ పనిముట్టు ఆరె యని కొందరును, వంకకత్తి యని కొందరును చెప్పుదురు. ఏదైనను అది జారి వాని కంటిలో గ్రుచ్చుకొనెను. సూక్ష్మజీవుల వలన గాయములు చెడునన్న సంగతి ఆనాటి వైద్యులకు తెలియదు. గాయము మానకపోగా వ్యాధి రెండవ కంటికిని ప్రాకెను. ఐదవయేడు వచ్చునప్పటికి లూయీకి రెండు కన్నులును పూర్తిగా చీకటులయ్యెను.

ఆ కాలమున ఐరోపాఖండమున అంధుల బ్రతుకు మిక్కిలి దీనముగ నుండెను. పేదయింట పుట్టిన అంధునకు భిక్షాటనము తప్ప వేరు మార్గము సామాన్యముగ దొరకెడిది కాదు. కాని సీమోన్ రెనే తన కొడుకు నట్లు వదలలేదు. వానికి తగిన చేతికర్రలను తానే చెక్కి యిచ్చెను. ఆ కర్రతో తాటించుచు, అడుగులు లెక్కపెట్టుకొనుచు లూయీ ఊరంతయు తిరుగ నేర్చెను. తండ్రి పనిశాలలో తోలుపట్టీలకు కుచ్చులు కట్టుట వంటి చిన్నపనులును చేయుచుండెను. ఊరిలోని క్రైస్తవాలయమున గురువైన జాక్ పాల్వీ ఆ బాలుని చురుకుదనమును కనిపెట్టి, తన తోటలో కూర్చుండబెట్టుకొని పూవులను వాసన చేతను, పక్షులను కూత చేతను గుర్తించుట నేర్పెను. పిదప ఆయన మాటపై ఊరి బడిపంతులు బెషెరే ఆ బాలుని తన బడిలో చేర్చుకొనెను. లూయీ వినినదానిని వెంటనే గ్రహించెడివాడు. ఐతే పంతులు పుస్తకములు తెరువుడని చెప్పగానే తక్కిన పిల్లలందరును చదువుకొనుచుండ, తాను మాత్రము చేతులు కట్టుకొని కూర్చుండవలసి వచ్చెడిది. ఆ గడియలు వానికి ఎంత బరువుగ నుండెనో ఊహింపవచ్చును.

పాల్వీగారి ప్రయత్నము వలనను, ఊరి జమీందారు సిఫారసు వలనను 1819 ఫిబ్రవరి మాసమున లూయీకి పారిస్ నగరములోని రాజకీయ అంధబాలుర పాఠశాలలో ఉచితముగ ప్రవేశము లభించెను. అప్పటికి వానికి పదియేండ్లు. ఇల్లు విడిచి అంతదూర మేగుట వానికదే మొదలు.

ఆ పాఠశాల పుట్టుక కూడ తెలిసికొనదగినది. 1771వ సంవత్సరమున పారిస్ సంతలో ఒక వినోదము జరిగెను. కొందరు అంధులకు వెఱ్ఱివేషములు వేసి, గాడిదచెవుల టోపీలు తొడిగి, అట్టతో చేసిన కండ్లజోళ్ళు పెట్టి, చేతికి వాయిద్యములిచ్చి అపస్వరములు వాయింపజేయుచు జనులు పగలబడి నవ్వుచుండిరి. ఆ గుంపులో వాలెంటిన్ హావీ అను పండితుడు నిలిచియుండెను. ఆయనకు నవ్వు రాలేదు. ఆ దృశ్య మాయన మనస్సును విడువలేదు. పదునాలుగేండ్ల తరువాత, 1785లో, అంధబాలురకై ఆయన పాఠశాలను స్థాపించెను. అంధులకు చదువు చెప్పుటకై పుట్టిన మొట్టమొదటి పాఠశాలలలో అది ఒకటి. తడిపిన దళసరి కాగితమును పెద్దపెద్ద అచ్చులపై అదిమి, అక్షరములు కాగితముపై ఉబికి కనబడునట్లు చేయించి, వానిని వ్రేళ్ళతో తడవి చదువు పద్ధతిని ఆయన ప్రవేశపెట్టెను.

లూయీ చేరునప్పటికి ఆ పాఠశాల పూర్వమొక మతవిద్యాలయముగ నుండిన పాత భవనమున నడచుచుండెను. గోడలు చెమ్మగిలినవి, మెట్లు ఇరుకైనవి, గాలియు వెలుతురును తక్కువ. వెలుతురుతో ఆ పిల్లలకు పనిలేదని యెవరైన అనుకొనవచ్చును గాని, చెమ్మ వారి ఊపిరితిత్తులను విడిచిపెట్టదు గదా! క్రమశిక్షణము కఠినము. చదువుతోపాటు అల్లికపని, చెప్పుల తయారీ, సంగీతము నేర్పుచుండిరి. వీనియన్నింట లూయీ ముందుండెను. సంగీతమున మరియు ముందుండెను.

చేరిన క్రొత్తలో ఉబికిన అక్షరములను తాకి చదువగలిగినందుకు లూయీ పరమానందము చెందెను. కాని కొలదికాలములోనే ఆ పద్ధతిలోని కొరత వానికి తెలిసివచ్చెను. అక్షర మొక్కొక్కటియు బొటనవ్రేలంత పెద్దదిగ నుండెను. దాని చుట్టును వ్రేలు త్రిప్పి, ఇది ఫలానా అక్షరమని నిశ్చయించి, పిదప రెండవదానికి పోవలెను. వాక్యాంతము చేరునప్పటికి ఆరంభము మరచిపోవుట తటస్థించెడిది. ఒక చిన్న కథకే పెద్ద గ్రంథము కావలసెను, అది మోయరాని బరువు, వెల అధికము. కనుక పాఠశాలలో అట్టి పుస్తకములు కొన్నియే యుండెను. వీనియన్నిటికంటె పెద్ద లోప మింకొకటి. ఆ అక్షరములను విద్యార్థి తాకి చదువగలడే గాని స్వయముగ వ్రాయలేడు. తన మనస్సులోని మాటను కాగితముపై పెట్టుటకు గాని, తాను వ్రాసికొనినదానిని మరల చదువుకొనుటకు గాని వానికి దారిలేదు. అక్షరముల ఆకారము కంటికొరకు కల్పింపబడినది. దానిని వ్రేలికి అప్పగించిరి. చిక్కంతయు అచ్చటనే యుండెను.

1821వ సంవత్సరమున ఆ పాఠశాలకు షార్ల్ బార్బియే అను నతడు ఒక క్రొత్త విధానమును తెచ్చెను. ఆయన పూర్వము ఫిరంగిదళమున అధికారిగ నుండినవాడు, ఏబదియేండ్లు దాటినవాడు. వెలుతురు లేకున్నను వ్రాయుటకు, చదువుటకు వీలైన లిపి నొకదానిని ఆయన కల్పించెను. అందు గీతలు లేవు. ఉబికిన చుక్కలు మాత్రమే కలవు. ఫ్రెంచి భాషలోని ధ్వనులను ముప్పదియారింటిని ఎంచి, వానిని ఆరు వరుసలుగ, వరుస కారు చొప్పున, ఒక పట్టికలో అమర్చెను. ఒక ధ్వనిని సూచించుటకు రెండు నిలువు బారులలో చుక్కలు పెట్టవలెను. ఎడమబారిలోని చుక్కల సంఖ్య వరుసను, కుడిబారిలోని సంఖ్య ఆ వరుసలోని స్థానమును తెలుపును. నాలుగవ వరుసలో రెండవ ధ్వనికి ఎడమ నాలుగు చుక్కలు, కుడివైపు రెండు. ఇట్లు ఒక ధ్వనికి పండ్రెండు చుక్కల వరకు పట్టవచ్చును.

గీతకంటె చుక్క వ్రేలికి చక్కగ తెలియునను సత్యమును ఆచరణలో చూపినందుకు బార్బియేకు ఘనత చెల్లవలెను. చుక్కలను పొడుచుటకు గాడులు గల పలకను, కిటికీల వంటి రంధ్రములు గల పట్టీని, మొనగల చిన్న సూదిని కూడ ఆయనయే సిద్ధపరచెను. విద్యార్థులు ఉత్సాహముతో ఆ లిపిని అభ్యసించిరి. తమ చేతులతో తామే వ్రాసి, వ్రాసినదానిని తామే చదువుట వారికి మొదటిసారి లభించిన భాగ్యము.

లూయీకి అప్పుడు పండ్రెండేండ్లు. అతడు ఆ లిపిని ఇతరులకంటె వేగముగ నేర్చెను. నేర్చినకొలదియు దాని దోషములును వానికి తెలియసాగెను. ఆరు చుక్కల నిలువుబారు వ్రేలికొనకంటె పొడవైనది. వ్రేలిని పైకిని క్రిందికిని జరుపుచు చుక్కలను లెక్కింపవలెను. లెక్క తప్పినచో మాట మారిపోవును. అది ధ్వనుల లిపియే కాని అక్షరముల లిపి కాదు. కావున మాటల వర్ణక్రమము నేర్చుటకు అది పనికిరాదు. ఫ్రెంచి భాషలో పలుకుబడికిని వ్రాతకును దూర మెక్కువ గనుక ఇది చిన్న లోపము కాదు. వాక్యమున విరామచిహ్నములకు చోటులేదు. అంకెలకు చోటులేదు. సంగీతస్వరములకు అంతకంటెను లేదు.

ఈ లోపములను లూయీ బార్బియేకు విన్నవించెను. ఆ పెద్దమనిషి ఆ సవరణలకు పూర్తిగ సమ్మతింపలేదు. అంధులకు సులభముగ సంభాషణమును వ్రాసికొను సాధనము చాలునని ఆయన తలచెను. కడవరకు తన ధ్వనుల పట్టికనే పట్టుకొని యుండెను. తోలుపనివాని కొడుకు, పండ్రెండేండ్ల బాలుడు మాత్రము అంతటితో తృప్తిపడలేదు. చూపున్నవారు చదువునదంతయు - వ్యాకరణము, గణితము, గానము - తామును చదువవలెనని అతని పట్టుదల.

అది మొదలు మూడేండ్లు లూయీ ఆ పనిని తన పనిగ పెట్టుకొనెను. ఏ ఉపాధ్యాయుడును వానికి ఆ పాఠము నప్పగింపలేదు. పరీక్షలలో దానికి గుణములు లేవు. పగలు తరగతులు, సంగీతము, పనిశాల. మిగిలిన వేళలు రాత్రులు, తెల్లవారుజాములు, సెలవులు. తోడివారు నిద్రించుచుండ శయనశాలలో అతడు పలకను ఒడిలో నుంచుకొని చుక్కలు పొడుచుచుండెడివాడు. చూపులేనివాని పనికి దీపము అక్కరలేదు గదా! సెలవులకు కూవ్రే వెళ్ళినప్పుడును పలకయు, సూదియు, కాగితములును వెంట నుండెను. ఆ సూది తండ్రి పనిశాలలోని ఆరెకు పోలికగలది. ఇంటిముందు కూర్చుండి కాగితములకు తూట్లు పొడుచుచున్న ఆ బాలుని చూచి, ఏదియో ఆటకాబోలునని ఇరుగుపొరుగువారు అనుకొనియుందురు.

అతడు మొదట చుక్కలను తగ్గించుటకు పూనుకొనెను. ఎన్ని తగ్గించినను అక్షరములకు సరిపోవలెను. ఎన్ని యుంచినను వ్రేలికొన క్రింద ఒక్కసారిగ ఇమిడిపోవలెను. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట ఎట్లు? ఎన్నియో అమరికలను చేసి, తాకి చూచి, విడిచి, తుదకు ఆరు చుక్కల యొద్ద నిలిచెను. రెండు నిలువు బారులు, బారికి మూడు చుక్కలు. ఆరింటిలో ఒక్కొక్క చుక్క ఉబికియైనను ఉండును, లేకయైనను ఉండును. అట్లు గుణించిన 64 విధములగును. ఏ చుక్కయు లేని ఖాళీని తీసివేసిన 63 గుర్తులు మిగులును. అక్షరములకు, విరామచిహ్నములకు, స్వరాక్షరములకు అవి చాలును. చుక్కలను లెక్కింపనక్కరలేదు. వ్రేలికొన ఒక్కసారి సోకగానే ఆ గుర్తు ఆకారమంతయు తెలియును. ముఖమును చూచి మనిషిని గుర్తించునట్లే వ్రేలు ఆ చుక్కల గుంపును గుర్తించును.

ఆ గుర్తులను అక్షరములకు పంచుటలోను బాలుని బుద్ధి సూక్ష్మముగ పనిచేసెను. పై నాలుగు చుక్కలతో మాత్రమే మొదటి పది అక్షరములను కల్పించెను. అవే పది గుర్తులకు ఎడమవైపు అడుగుచుక్కను చేర్చగా తరువాతి పది అక్షరములు వచ్చెను. రెండు అడుగుచుక్కలను చేర్చగా మిగిలినవి. ఇట్లు పదింటిని నేర్చినవానికి తక్కినవి తమంత తామే వచ్చును. ఇంగ్లీషులో 'డబ్ల్యూ' అనబడు అక్షరము మాత్రము ఆ వరుసలో లేదు. ఆనాటి ఫ్రెంచివారికి దానితో పనిలేదు. అందువలననే అది తరువాత చేర్చబడి, నేటికిని వరుసతప్పి యుండును.

వ్రాయు విధము మరియొక వింత. కాగితమునకు వెనుకవైపు సూదితో పొడిచినగాని ముందువైపు చుక్క ఉబికిరాదు. కనుక వ్రాయునపుడు కుడినుండి ఎడమకు, అద్దములో ప్రతిబింబమువలె తిరుగవేసి వ్రాయవలెను. కాగితమును త్రిప్పి ఎడమనుండి కుడికి చదువవలెను. క్రొత్తవారికిది కష్టముగ తోచును గాని, కొన్నివారముల అభ్యాసముతో చేయి దానంతటదియే నడచును.

1824 నాటికి, లూయీకి పదునైదవయేట, ఈ లిపి చాలవరకు రూపొందెను. అప్పటి పాఠశాలాధ్యక్షుడు పినియే దయాశాలి. ఆయన ఆ బాలుని పనిని మెచ్చి, విద్యార్థులు దానిని వాడుకొనుటకు అనుమతించెను. పిల్లలు ఒకరినుండి ఒకరు దానిని నేర్చుకొనిరి. పాఠములను వ్రాసికొనిరి, ఒకరికొకరు చీటీలు వ్రాసికొనిరి. 1829లో లూయీ తన విధానమును వివరించు గ్రంథమును ప్రకటించెను. మాటలు, సంగీతము, దేవాలయ గానము చుక్కలతో వ్రాయు పద్ధతి అందు చెప్పబడెను. దాని పీఠికలో బార్బియే విధానమునకు తాను ఋణపడి యుంటినని స్పష్టముగ ఒప్పుకొనెను. తన సవరణలను అంగీకరింపనివానిని గూర్చి ఇరువదియేండ్ల యువకుడు అట్లు వ్రాయుట అతని స్వభావమును తెలుపుచున్నది. ఆ మొదటి కూర్పులో చుక్కలతోపాటు కొన్ని చిన్నగీతలును ఉండెను. అవి వ్రేలికి సరిగ తెలియకపోవుటచే 1837 నాటి రెండవ కూర్పులో వానిని తీసివేసెను. ఆ యేడే ఫ్రాన్సుదేశ చరిత్ర మూడు సంపుటములుగ ఈ లిపిలో ఆ పాఠశాల యందే అచ్చయ్యెను.

విద్యార్థిగ చేరిన పాఠశాలలోనే లూయీ సహాయోపాధ్యాయుడై, 1833లో పూర్తి ఉపాధ్యాయుడయ్యెను. వ్యాకరణము, చరిత్ర, భూగోళము, గణితము, సంగీతము బోధించెను. కఠినోక్తి ఎరుగనివాడని ఆయన శిష్యులు చెప్పుకొనిరి. ఆర్గన్ వాయించుటలో ఆయన నిపుణుడు. పారిస్ నగరములోని క్రైస్తవాలయములలో వాద్యకారుడుగ నియమింపబడెను. 1831లో తండ్రి గతించెను. కొలదికాలమునకే బ్రెయిలీకి క్షయరోగము సోకెను. ఆ దినములలో దానికి మందులేదు. చెమ్మగోడల నడుమ గడచిన బాల్యము దానికి తోడ్పడియుండునని పలువురి అభిప్రాయము. రోగము ముదిరినపుడు కూవ్రేకు పోయి విశ్రమించుట, కొంచెము కోలుకొనగనే పాఠశాలకు మరలివచ్చుట - ఇట్లే ఆయన శేషజీవితము గడచెను.

విద్యార్థులకు ప్రాణసమమైన ఆ లిపిని పెద్దలు మాత్రము చాలకాలము గుర్తింపలేదు. వారి వాదమును పూర్తిగ తోసివేయుటకు వీలులేదు. అంధులకు వేరొక లిపి యుండినచో చూపున్నవారు దానిని చదువలేరు. అప్పుడు అంధులు లోకమునుండి మరింత వేరుపడుదురు అని వారి భయము. ఐతే ఆ వాదము చేసినవారిలో చూపులేనివారు ఎందరుండిరని అడుగవలసియున్నది. బ్రెయిలీ ఈ ఆక్షేపణకు మాటలతో గాక మరియొక కల్పనతో సమాధానమిచ్చెను. 1839లో ఆయన, మామూలు అక్షరముల ఆకారమునే చుక్కలతో కూర్చు పద్ధతిని ప్రకటించెను. దానితో అంధుడు వ్రాసిన జాబును ఇంటివారు కంటితో చదువుకొనవచ్చును. ఆ పని చేతితో చాల నెమ్మదిగ సాగెడిది. ఆ పాఠశాలలోనే పూర్వము చదివిన ఫూకో అను అంధుడు యంత్రనిర్మాణమున నేర్పరి. అతడు 1841లో దానికొక యంత్రమును తయారుచేసెను. నేటి టైపుయంత్రములకు అది పూర్వరూపమని చెప్పదగును.

ఇంతలో 1840లో పాఠశాలకు పెద్ద మార్పు వచ్చెను. పినియే తొలగింపబడెను, ఆయన స్థానమున దుఫో అధ్యక్షుడయ్యెను. దుఫో ఇతరదేశములలో వాడుకలోనున్న ఉబికిన అక్షరముల పద్ధతిని ఇష్టపడెను. చుక్కల లిపిని తరగతులలో నిషేధించెను. అప్పటికి బ్రెయిలీ ఆ పాఠశాలలో ఉపాధ్యాయుడే, పైగా రోగి. తన జీవితఫలము తన కన్నులయెదుట - కాదు, తన చేతులనుండి - తొలగింపబడుచుండ ఆయన అధికారులతో కలహింపలేదు. కలహించినవారు విద్యార్థులు. బహిరంగముగ గాదు, చాటుగ. ఒకసారి వ్రాయ నేర్చినవానిని వ్రాయవద్దనుట ఎట్లు సాధ్యము? పగలు ఉబికిన అక్షరములు, రాత్రి చుక్కలు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు దొంగతనముగ నేర్పిరి. చీకటిలో చదువుకొను పిల్లలను కాపలావాడు పట్టుకొనుట కష్టము.

దుఫోకు సహాయకుడైన గ్వాదే ఈ సంగతిని గమనించుచుండెను. ఆయన క్రమముగ చుక్కల లిపి యొక్క శ్రేష్ఠతను గ్రహించి, పై యధికారికిని నచ్చజెప్పెను. 1843లో పాఠశాల ఆ పాతభవనమును విడిచి విశాలమైన క్రొత్తభవనమునకు మారెను. 1844 ఫిబ్రవరిలో జరిగిన ప్రారంభోత్సవమున గ్వాదే పెద్దల సభలో బ్రెయిలీ లిపిని గూర్చి ఉపన్యసించెను. పిదప ప్రదర్శనము జరిగెను. సభలోనివారు చెప్పిన మాటలను ఒక విద్యార్థి చుక్కలతో వ్రాసెను. అప్పటివరకు గది వెలుపలనున్న వేరొక విద్యార్థిని పిలిపించి ఆ కాగితమును చేతికిచ్చిరి. ఆ బాలుడు వ్రేళ్ళతో తడవి, ఒక్కమాటయు తప్పకుండ చదివెను. సంగీతమును కూడ అట్లే వ్రాసి, అట్లే వినిపించిరి. దుఫో నిషేధము తొలగెను. ముప్పదియైదేండ్ల బ్రెయిలీ ఆ సభలో నుండెను.

అప్పటికే ఆయన శరీరము శుష్కించెను. కొంతకాలము పాఠములు మానుకొని, మరల చెప్పి, మరల మానుకొనెను. 1851 డిసెంబరులో రక్తము కక్కుకొని మంచము పట్టెను. 1852 జనవరి 6వ తేదీన, నలుబది మూడవ జన్మదినము గడచిన రెండవనాడు, పాఠశాలలోనే కన్నుమూసెను. పారిస్ పత్రికలు ఆ మరణమును పట్టించుకొనలేదు. దేహమును కూవ్రేకు కొనిపోయి, తండ్రియు, ఒక తోబుట్టువును విశ్రమించిన చోటనే ఖననము చేసిరి.

ఆయన గదిలో ఒక చిన్న పెట్టె యుండెను. దానిని తెరువక కాల్చివేయవలసినదని ఆయన ముందే కోరియుండెను. మిత్రులు కుతూహలము నాపుకొనలేక తెరచి చూడగా అందు కొన్ని చీటీలు కనబడెను. అవి బీద విద్యార్థులు మొదలగువారు ఆయనయొద్ద అప్పు తీసికొని వ్రాసియిచ్చిన ఋణపత్రములు. మిత్రులు వానిని అప్పుడు కాల్చివేసిరి. ఉపాధ్యాయునిగ ఆయన జీతము స్వల్పము. ఆర్గన్ వాద్యమువలన వచ్చు ధనముకూడ ఈ రీతిగనే వ్యయమయ్యెనని అప్పుడు గాని తెలియలేదు.

మరణించిన రెండేండ్లకు, 1854లో, ఆ పాఠశాల ఆయన లిపిని అధికారముగ స్వీకరించెను. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ దానిని మిక్కిలి యోగ్యమైన లిపిగ అంగీకరించెను. అమెరికా దేశమున మాత్రము నాలుగైదు రకముల లిపులు చాలకాలము పోటీపడెను. ఒకదానిలో అచ్చయిన పుస్తకమును వేరొకటి నేర్చినవారు చదువలేక పోవుచుండిరి. 1932లో గాని ఇంగ్లీషు మాట్లాడు దేశములన్నింటికి ఒకే రూపము కుదురలేదు.

1952లో, బ్రెయిలీ మరణించిన నూరేండ్లకు, ఫ్రాన్సు ప్రభుత్వము ఆయన అస్థికలను కూవ్రేనుండి పారిస్‌లోని పాంథియన్ మందిరమునకు తరలించెను. ఆ దేశపు మహాపురుషుల సమాధులు అచ్చట కలవు. ఆ ఉత్సవములకు హెలెన్ కెల్లర్ వచ్చి పాల్గొనెను. ఐతే కూవ్రే గ్రామస్థులు తమ బిడ్డను పూర్తిగ పంపివేయుటకు ఒప్పుకొనలేదు. వారి కోరికపై చేతుల అస్థికలను మాత్రము ఒక చిన్న పాత్రలో ఆ యూరి సమాధియందే నిలిపిరి. అవి నేటికిని అచ్చటనే యున్నవి. 2009లో, ఆయన ద్విశతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము ఆయన రూపముతో రెండు రూపాయల నాణెమును వెలువరించెను. ఆయన జన్మదినమైన జనవరి 4వ తేదీని 2019 నుండి ఐక్యరాజ్యసమితి ప్రపంచ బ్రెయిలీ దినముగ పాటించుచున్నది.

మన దేశమున మొదట ఒక్కొక్క ప్రాంతమువారు ఒక్కొక్క విధముగ ఈ చుక్కలను తమ భాషలకు అన్వయించుకొనిరి. అందువలన ఒకచోట నేర్చినది వేరొకచోట పనికిరాకుండెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1949లో మన ప్రభుత్వము యునెస్కో సంస్థ సహాయమును కోరెను. ఆ చర్చల ఫలితముగ 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడెను. ఒకే ధ్వనికి తెలుగున గాని, హిందీయందు గాని, తమిళమున గాని సామాన్యముగ ఒకే గుర్తు. వీలైనంతవరకు ఆ గుర్తు లూయీ కల్పించిన ఫ్రెంచి అక్షరపు గుర్తే. కంటితో చదువు తెలుగువ్రాతలో గుణింతములు హల్లుకు పైనను, క్రిందను, ప్రక్కను అంటుకొని యుండును. చుక్కల తెలుగులో అచ్చు హల్లు తరువాత వరుసలో వచ్చి నిలుచును. హల్లులోని అకారమునకు సామాన్యముగ వేరుగుర్తు అక్కరలేదు. ఎడమబారిలోని చుక్కలకు పైనుండి ఒకటి, రెండు, మూడు అనియు, కుడిబారిలోనివానికి నాలుగు, ఐదు, ఆరు అనియు సంఖ్యలు. 'కమల' అను మాటను వ్రాయగోరు తెలుగు బాలిక మూడు గళ్ళలో మూడు గుర్తులు పొడుచును: మొదట ఒకటి, మూడు; పిదప ఒకటి, మూడు, నాలుగు; తరువాత ఒకటి, రెండు, మూడు. కాగితమును త్రిప్పి, వ్రేలు నుంచి చదువుకొనును.